బెంచి మీది పొడుగాటివాడు

"ఆడేదే పద్నాలుగు నిమిషాలు, అతను పోతే టీముకి ఎంత పోయినట్టు?" అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళ మధ్య ప్రతి వేసవి మొదట్లోనూ వినబడే మాట ఇది. స్టార్ ఆటగాడు వెళ్ళిపోతే ఏడుస్తారు, గార్డ్ వెళ్ళిపోతే కంగారు పడతారు. బెంచి మీద నుంచి లేచి వచ్చి, నాలుగు రీబౌండ్లు పట్టి, రెండు ఫౌల్స్ చేసి మళ్ళీ వెళ్ళి కూర్చునే ఆ ఆరడుగుల పదంగుళాల కుర్రాడు వెళ్ళిపోతే మాత్రం భుజాలు ఎగరేసి ఊరుకుంటారు. నా ఉద్దేశంలో ఇది శుద్ధ తప్పు లెక్క. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ టపా. కాస్త పొడుగైంది, టీ పక్కన పెట్టుకుని చదవండి :)

అసలు మనకి ఈ సంగతి వెంటనే ఎక్కదు. దానికి కారణం క్రికెట్ అనుకుంటా. మనకి పన్నెండో ఆటగాడంటే డ్రింక్స్ మోసేవాడు, ఎవరికైనా కాలు పట్టేస్తే వచ్చి ఫీల్డింగ్ చేసేవాడు. వాడు బౌలింగ్ చెయ్యడు, బ్యాటింగ్ చెయ్యడు. అంచేత బెంచి అంటే మన బుర్రలో ఉన్న బొమ్మ "ఆడనివాళ్ళు" అనే. బాస్కెట్‌బాల్‌లో అలా కాదు. ఎవర్ని ఎన్నిసార్లయినా లోపలికీ బయటికీ మార్చుకోవచ్చు. మొదటి ఐదుగురిలో లేని ఆటగాడు కూడా ప్రతి ఆటలోనూ ఆడేవాడే, కాకపోతే కొంచెం ఆలస్యంగా మొదలుపెడతాడు.

ఇక లెక్కలోకి వద్దాం. కాలేజీ ఆట 40 నిమిషాలు, ఇరవయ్యేసి నిమిషాల రెండు సగాలు. ఒక ఆటగాడు ఐదు ఫౌల్స్ చేస్తే ఆ రోజుకి అతని పని అయిపోయినట్టే, మళ్ళీ లోపలికి రానివ్వరు. ఎన్‌బీఏలో అయితే 48 నిమిషాలకి ఆరు. బుట్ట దగ్గర కాపలా కాసే పొడుగాటివాళ్ళకే ఈ ఫౌల్స్ ఎక్కువ పడతాయి, ఎందుకంటే అందరూ దూసుకొచ్చేది వాళ్ళ మీదకే. ఇప్పుడు ఒక టీము ఎప్పుడూ ఇద్దరు పొడుగువాళ్ళని ఆడిస్తుంది అనుకోండి. రెండు స్థానాలు, తలా 40 నిమిషాలు, మొత్తం 80 నిమిషాల పని. ముగ్గురుంటే వాళ్ళ దగ్గర 15 ఫౌల్స్ ఉన్నాయి ఖర్చు పెట్టుకోడానికి. ఆ మూడోవాడు పోతే 10. పని అంతే ఉంది, చేతిలో డబ్బు మూడోవంతు తగ్గిపోయింది. మూడోవాడి పాయింట్ల సగటు ఏడా, ఎనిమిదా అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు చూడండి.

దీనికి తోడు కోచ్‌లకి ఒక అలవాటుంది. మొదటి సగంలో ఎవరికైనా రెండు ఫౌల్స్ పడ్డాయంటే చాలు, లాగి బెంచి మీద కూర్చోబెడతారు. దీని మీద నాకు పెద్ద సదభిప్రాయం లేదు, ఐదో ఫౌల్ పడుతుందేమో అన్న భయంతో మంచి ఆటగాణ్ణి పదేసి నిమిషాలు మనమే ఆపుకోవడం ఏమిటో. కానీ ఎక్కువమంది చేసేది అదే. అప్పుడు లోపలికి వెళ్ళేవాడు ఎవరు? మన పద్నాలుగు నిమిషాల అబ్బాయే. వాడు లేకపోతే కోచ్ ముందు రెండే దార్లు: స్టార్టర్‌ని ఫౌల్స్‌తోనే ఆడించడం, లేదా ఒక పొట్టివాణ్ణి లోపల పెట్టి ఆటతీరే మార్చేసుకోవడం.

మొదటి దారిలో జరిగేది పైకి కనబడదు. అసలు నష్టం అక్కడే ఉందని నా నమ్మకం. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట రాత్రి షిఫ్టుకి ఇద్దరు ఉండేవాళ్ళు. రెండో మనిషికి నెలలో ఒకటి రెండు సార్లు తప్ప పని పడేది కాదు. లెక్కలు చూసిన పెద్దలు రెండో మనిషిని తీసేశారు. ఏ సర్వరూ కూలిపోలేదు, ఏ ఉపద్రవమూ రాలేదు. ఒక్కటే జరిగింది, మిగిలిన ఆ ఒక్కడూ రాత్రిపూట దేన్నీ ముట్టుకోవడం మానేశాడు. చిన్న మార్పు కూడా "పొద్దున చూద్దాంలే" అని పక్కన పెట్టేవాడు. ఏదైనా తేడా వస్తే పక్కన ఎవరూ లేరు కదా మరి. రిపోర్టుల్లో అంతా పచ్చగానే ఉంది, పని మాత్రం నెమ్మదించింది. వెనక ఎవరూ లేని సెంటర్ కూడా ఇలాగే ఆడతాడు. బుట్ట మీదకి వచ్చేవాణ్ణి ఆపడానికి ఎగరాల్సిన చోట ఎగరడు, చేతులు పైకెత్తి నిలబడతాడు. వాడు వెయ్యనిచ్చిన ఆ రెండు పాయింట్లు స్కోరు పట్టికలో వెళ్ళిపోయిన కుర్రాడి పేరు మీద పడవు.

ఉదాహరణలు కావాలంటే 2017 ఏప్రిల్‌లో అరిజోనా రాష్ట్రం గ్లెండేల్‌లో జరిగిన ఫైనల్ ఫోర్ ఒక్కటి చాలు. నాలుగు టీముల్లో మూడింటి కథ ఇదే.

మొదటిది ఓరెగన్. వాళ్ళకి లోపల ఇద్దరు ఉండేవాళ్ళు, జోర్డన్ బెల్, క్రిస్ బూషే. బూషే సన్నగా, పొడుగ్గా, దూరం నుంచి కూడా షాట్ వేయగలిగే మనిషి, షాట్లు అడ్డుకోవడంలో దిట్ట. మార్చిలో తమ కాన్ఫరెన్స్ టోర్నమెంటు ఆడుతుండగా అతనికి మోకాలి లిగమెంటు తెగింది. అయినా ఓరెగన్ ఆగలేదు. బెల్ ఒక్కడే లోపలంతా చూసుకున్నాడు, కాన్సాస్ మీద ఎనిమిది షాట్లు అడ్డుకుని 74-60తో గెలిపించాడు. చూశారా, రెండోవాడు లేకపోయినా ఏం కాలేదు అనేవాళ్ళకి అది మంచి రుజువు, సరిగ్గా వారం రోజుల పాటు. తర్వాతి ఆట నార్త్ కరొలైనాతో. ఆఖరి ఆరు సెకన్లలో నార్త్ కరొలైనా ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉంది. కెన్నెడీ మీక్స్ రెండు ఫ్రీ త్రోలూ తప్పాడు. ఓరెగన్ బంతి పట్టుకుంటే గెలిచే అవకాశం ఉంది, పట్టలేకపోయింది. వెంటనే జోయెల్ బెర్రీ కూడా రెండూ తప్పాడు. మళ్ళీ పట్టలేకపోయింది, ఈసారి మీక్స్ చేతికే చిక్కింది. 77-76. వరసగా నాలుగు ఫ్రీ త్రోలు తప్పిన టీము గెలిచింది! ఆ రోజు మీక్స్ 25 పాయింట్లు, 14 రీబౌండ్లు. బెల్ అప్పటికి 16 రీబౌండ్లు పట్టి ఉన్నాడు, ఆ రెండు మాత్రం పట్టలేదు. తప్పంతా తనదే అని లాకర్ రూములో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నాకు మాత్రం అతని తప్పు కనబడదు. నెలంతా ఇద్దరి పని ఒక్కడు చేస్తే ఆఖరి ఆరు సెకన్లలో కాళ్ళు ఎక్కడ లేస్తాయి?

రెండోది గొంజాగా. వీళ్ళ బెంచి మీద ఉన్నవాడు జాక్ కాలిన్స్, ఏడడుగుల మొదటి సంవత్సరం కుర్రాడు. ఇతని కథ నాకు భలే ఇష్టం. లాస్ వెగాస్‌లో హైస్కూల్లో కూడా అతని ముందు ఇద్దరు పెద్ద పేరున్న పొడుగువాళ్ళు ఉండేవాళ్ళు, అందువల్ల చివరి ఏడాది వరకూ అక్కడ కూడా బెంచే. కాలేజీకి వస్తే ఇక్కడ పోలండ్ నుంచి వచ్చిన కర్నోవ్‌స్కీ అనే ఏడడుగుల పర్వతం. సీజన్ మొత్తంలో ఒక్క ఆట కూడా కాలిన్స్ మొదటి ఐదుగురిలో లేడు, ఆటకి సగటున 17 నిమిషాలు. అలాంటివాడు సౌత్ కరొలైనాతో సెమీఫైనల్లో 14 పాయింట్లు, 13 రీబౌండ్లు, ఆరు బ్లాకులు. గొంజాగా చరిత్రలో మొదటిసారి ఫైనల్‌కి వెళ్ళింది.

ఫైనల్లో ఏమైంది? రిఫరీలు ఆ రోజు ఈలలు ఊదడానికే వచ్చినట్టున్నారు, రెండు టీముల మీదా కలిపి 44 ఫౌల్స్. కర్నోవ్‌స్కీ ఎనిమిది షాట్లు వేస్తే ఒక్కటి పడింది. అతను తేలిపోయిన రోజున ఆదుకోవాల్సిన కాలిన్స్ 14 నిమిషాల్లోనే 9 పాయింట్లు, 7 రీబౌండ్లు చేసి, ఇంకా ఐదు నిమిషాల ఆట ఉండగానే ఐదో ఫౌల్‌తో వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా రెండు నిమిషాలు ఉన్నాయనగా గొంజాగా 65-63తో ముందే ఉంది, ఆ మాట దాచను. వాళ్ళ ప్రధాన గార్డ్ విలియమ్స్-గాస్ చీలమండ బెణికింది, అదీ నిజమే. కానీ చివరి ఎనిమిది పాయింట్లూ నార్త్ కరొలైనావే. వాటిలో ముఖ్యమైన బుట్ట వేసింది ఐజయా హిక్స్, చివర్లో విలియమ్స్-గాస్ షాట్ అడ్డుకున్నది మీక్స్. ఇద్దరూ పొడుగువాళ్ళే, ఇద్దరూ ఆఖరి నిమిషంలో కోర్టు మీదే ఉన్నారు. 71-65. రిజర్వ్ ఆటగాణ్ణి పోగొట్టుకోవడం అంటే ఏడాదికే కాదు, ఐదు నిమిషాలకి పోగొట్టుకున్నా పోగొట్టుకున్నట్టే.

మూడోది గెలిచిన నార్త్ కరొలైనాయే. ఆ ఫైనల్ గణాంకాల్లో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. వాళ్ళు మూడు పాయింట్ల షాట్లు 27 వేస్తే పడినవి 4. ఇంత ఘోరంగా వేసి జాతీయ చాంపియన్లు అయ్యారు. ఎలా అంటే, కోచ్ రాయ్ విలియమ్స్ పద్ధతే అంత. ఇద్దరు పొడుగువాళ్ళు ఎప్పుడూ లోపల ఉండాలి, తప్పిన షాట్లు తవ్వి తియ్యాలి. ఆ ఏడాది తమ సొంత తప్పిన షాట్లని తిరిగి పట్టుకోవడంలో దేశం మొత్తం మీద వాళ్ళే ముందు. మీక్స్, హిక్స్ నాలుగో ఏడాది వాళ్ళు. వాళ్ళ వెనక టోనీ బ్రాడ్లీ, మొదటి ఏడాది కుర్రాడు. ఆటకి 14.6 నిమిషాలు, 7.1 పాయింట్లు, 5.1 రీబౌండ్లు. ఈ టపా మొదట్లో చెప్పిన పద్నాలుగు నిమిషాల అబ్బాయి ఇతనే.

ఆ మే నెలలో బ్రాడ్లీ ఎన్‌బీఏకి వెళ్ళిపోతున్నానన్నాడు. ఒక్క ఏడాది ఆడి నార్త్ కరొలైనా వదిలి వెళ్ళినవాడు 2007లో బ్రాండన్ రైట్ తర్వాత ఇతనే. మీక్స్, హిక్స్ ఎలాగూ చదువు అయిపోయి వెళ్ళిపోయారు, ఆ సంగతి నాలుగేళ్ళ ముందే అందరికీ తెలుసు. తెలియనిది బ్రాడ్లీ సంగతి. రిజర్వ్ పొడుగువాడు ఈ ఏడాది చేసే పని ఎంతో, వచ్చే ఏడాది చెయ్యబోయే పని అంతకన్నా ఎక్కువ. ఆ పద్నాలుగు నిమిషాలు అతని చేత చేయించే పనే కాదు, అతనికి నేర్పే పాఠం కూడా. ఎక్కడ నిలబడాలి, ఎవరికి అడ్డం వెళ్ళాలి, ఏ ఫౌల్ చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు, ఇవన్నీ పెద్దవాళ్ళ పక్కన ఆడుతూ నేర్చుకుంటాడు. రోజూ ప్రాక్టీసులో మీక్స్‌ని నెట్టాల్సి రావడం ఒక చదువు. అది నేర్చుకున్న ఒకే ఒక్కడు వెళ్ళిపోయాడు.

తర్వాతి సీజన్‌కి ముగ్గురు కొత్త పొడుగువాళ్ళు వచ్చారు గానీ ముగ్గురూ మొదటి సంవత్సరం పిల్లలే. సీజన్ సగం దాటాక విలియమ్స్ తన జీవితకాలపు పద్ధతిని పక్కన పెట్టి, ఆరడుగుల ఎనిమిదంగుళాల లూక్ మేని సెంటర్‌గా పెట్టి, చిన్న టీముతో మొదలుపెట్టడం ఆరంభించాడు. మే చాలా బాగా ఆడాడు, ఆటకి దాదాపు 17 పాయింట్లు, 10 రీబౌండ్లు. మామూలు రోజుల్లో అది సరిపోయింది కూడా. మార్చి 18, 2018న షార్లట్‌లో, అంటే సొంత రాష్ట్రంలో, టెక్సస్ ఏ అండ్ ఎం ఎదురైంది. వాళ్ళ దగ్గర టైలర్ డేవిస్, రాబర్ట్ విలియమ్స్ అని ఇద్దరు నిజమైన పొడుగువాళ్ళున్నారు. 86-65. 1979 తర్వాత ఈ టోర్నమెంటులో నార్త్ కరొలైనా సొంత రాష్ట్రంలో ఓడిపోవడం అదే మొదటిసారి. ఆ రోజు వాళ్ళు మూడు పాయింట్ల షాట్లు 31 వేస్తే 6 పడ్డాయి.

ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. 27లో 4 వేసినప్పుడు కప్పు వచ్చింది. 31లో 6 వేసినప్పుడు 21 పాయింట్ల తేడాతో ఇంటికి పంపించారు. శాతం చూస్తే ఓడిన రోజే కాస్త మెరుగు! షాట్లు పడని రోజు ప్రతి టీముకీ వస్తుంది. ఆ రోజు బతికించేది లోపలి మనుషులు. "బ్రాడ్లీ ఉంటే ఆ ఆట గెలిచేవాళ్ళా?" అని ఎవరైనా అడిగితే నేను గెలిచేవాళ్ళని ఒట్టేసి చెప్పను. 21 పాయింట్లు చాలా ఎక్కువ. కానీ రెండో ప్రయత్నానికి ఒక మనిషి, డేవిస్ భుజానికి అడ్డం నిలబడడానికి ఒక మనిషి ఉండేవాడు. సగం సీజన్‌లో పద్ధతి మార్చుకోవాల్సిన అవసరం కూడా వచ్చేది కాదేమో.

తమాషా ఏమిటంటే దానికి రెండ్రోజుల ముందు అదే షార్లట్‌లో, అదే కోర్టు మీద ఇంకో విడ్డూరం జరిగింది. దేశంలో నంబర్ వన్ అయిన వర్జీనియాని యూఎంబీసీ అనే పదహారో సీడ్ టీము 74-54తో చిత్తు చేసింది. పురుషుల టోర్నమెంటులో పదహారో సీడ్ ఒకటో సీడ్‌ని ఓడించడం అదే తొలిసారి. ఆ వారంలోనే వర్జీనియా డిఆండ్రే హంటర్‌ని మణికట్టు విరగడంతో పోగొట్టుకుంది. హంటర్ అచ్చంగా సెంటర్ కాదు, ఆరడుగుల ఏడంగుళాల ఫార్వర్డ్. బెంచి మీద నుంచి వచ్చేవాడే, ఆ ఏడాది తమ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆరో ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. సగటు 9.2 పాయింట్లు. "తొమ్మిది పాయింట్లవాడు లేకపోతే ఇరవై తేడాతో ఎలా ఓడతారు?" అని అప్పుడు చాలామంది ఎగతాళి చేశారు. కూడికలు తీసివేతల్లో అది నిజమే. కానీ హంటర్ పని పాయింట్లు వెయ్యడం కాదు. గార్డులని వెంబడించగలిగే పొడుగువాడు ఆ టీములో అతనొక్కడే. యూఎంబీసీ నలుగురు చిన్నవాళ్ళని కోర్టు నలుమూలలా పరిచేసినప్పుడు వర్జీనియా దగ్గర మిగిలిన పెద్దవాళ్ళు వాళ్ళ వెంట పరిగెత్తలేకపోయారు. మొదటి సగం 21-21. రెండో సగంలో యూఎంబీసీ 53 పాయింట్లు చేసింది. వర్జీనియా ఆ ఏడాది ఒక ఆట మొత్తానికి ఇచ్చే సగటు దాదాపు అంత!

హంటర్ ఎన్‌బీఏకి వెళ్ళకుండా ఇంకో ఏడాది ఉన్నాడు. 2019 ఫైనల్లో టెక్సస్ టెక్ మీద 27 పాయింట్లు వేశాడు. 12 సెకన్లు ఉండగా ఆటని ఓవర్‌టైముకి తీసుకెళ్ళిన షాట్ కూడా అతనిదే. 85-77తో వర్జీనియా చాంపియన్. టీముకి అతనొక్కడే చాలని కాదు. కానీ "బెంచి మనిషి" అని ముందు ఏడాది అందరూ తేలిగ్గా తీసిపారేసిన పదార్థం ఏమిటో తెలిసింది కదా.

రిజర్వ్ పొడుగువాడు ఎంత అవసరమో కోచ్‌లకి తెలీదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. అదే 2017-18లో కాన్సాస్‌ని చూడండి. వాళ్ళు రప్పించుకున్న ఒక పొడుగు కుర్రాడు ఒక్క ఆట కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు. లోపల అజుబుకే, వెనక లైట్‌ఫుట్, అంతే. దాంతో సీజన్ మధ్యలో, చలికాలపు సెలవుల్లో, అంగోలా కుర్రాడు సిల్వియో డి సౌసాని హైస్కూలు ముగించీ ముగించగానే తెచ్చుకున్నారు. మార్చిలో అజుబుకే మోకాలు దెబ్బతిని కాన్ఫరెన్స్ టోర్నమెంటుకి దూరమైతే డి సౌసా ఫైనల్లో 16 పాయింట్లు, 10 రీబౌండ్లు. డ్యూక్‌తో ఆడిన ఆటలో అజుబుకే ఐదు ఫౌల్స్‌తో వెళ్ళిపోతే లోపల మిగిలింది ఇతనే, మళ్ళీ 10 రీబౌండ్లు. కాన్సాస్ ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది. తీరా చూస్తే అతని అర్హత మీద కేసు ఏళ్ళ తరబడి సాగి, 2023 అక్టోబరులో ఆ సీజన్ గెలుపుల్లో 15ని, ఆ ఫైనల్ ఫోర్‌ని రికార్డుల్లోంచి కొట్టేశారు. పది నిమిషాలు ఆడే మనిషి కోసం అంత దూరం వెళ్ళారంటే అతని ధర ఎంతో వాళ్ళకి తెలిసే ఉండాలిగా.

నాకు ఒళ్ళుమండేది ఇక్కడే. అంత ధర తెలిసిన కాలేజీలు ఆ రోజుల్లో ఆ కుర్రాడికి ఇచ్చింది స్కాలర్‌షిప్, దాంతో పాటు వచ్చే ఖర్చులు. లక్షల డాలర్ల జీతాలు కోచ్‌లకి, టీవీ డబ్బు కాలేజీలకి. బ్రాడ్లీ వెళ్ళిపోయినప్పుడు "తొందరపడ్డాడు, ఇంకా తయారు కాలేదు, టీముని ముంచాడు" అన్నారు. అతన్ని డ్రాఫ్ట్‌లో 28వ స్థానంలో తీసుకున్నారు. మొదటి రౌండు అంటే ఆడినా ఆడకపోయినా కొన్నేళ్ళ జీతం ఖాయం. యూటా తరఫున మొదటి రెండు సీజన్లలో కలిపి పట్టుమని పదిహేను ఆటలు కూడా ఆడలేదు, నిజమే. అయితే ఏమిటి? జీతం వచ్చింది కదా. కాలిన్స్‌ది కూడా అంతే, బెంచి మీద నుంచి నేరుగా పదో స్థానానికి. గొంజాగా నుంచి ఒక్క ఏడాదికే వెళ్ళినవాడు అతనే మొదటివాడు. మర్నాడు మోకాలు విరిగితే? బూషే, హంటర్ల సంగతి కళ్ళ ముందే ఉంది. వెళ్ళినవాడిది స్వార్థం అనేవాళ్ళు తమకి రెండింతల జీతంతో ఆఫర్ లెటర్ వస్తే "మా టీముకి బ్యాకప్ లేడండీ" అని వదులుకుంటారేమో నాకు తెలీదు. నేనైతే అలాంటివాళ్ళని ఇప్పటిదాకా చూడలేదు :)

ఇప్పుడు రూల్స్ మారాయి. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021 నుంచి ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు, అదే ఏడాది జూలై నుంచి తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి డబ్బిస్తున్నాయి. టీములో 13 స్కాలర్‌షిప్‌ల లెక్క పోయి 15 మంది ఆటగాళ్ళ పరిమితి వచ్చింది. ఇవన్నీ చూస్తే బెంచి మీది పొడుగువాడికి మంచి రోజులే, నాకు సంతోషమే. కాలేజీకి మాత్రం కష్టం ఇంకా పెరిగింది. వెనకటికి బ్రాడ్లీ లాంటివాడు మాత్రమే పోయేవాడు, ఎన్‌బీఏ పిలవని మిగతావాళ్ళు నోరు మూసుకుని తమ వంతు కోసం కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ప్రతి కోచ్‌కీ పక్క కాలేజీ బెంచి కనబడుతూనే ఉంటుంది. యూసీఎల్ఏలో ఎక్కువగా బెంచి మీద నుంచే ఆడిన ఏడడుగుల మూడంగుళాల స్పెయిన్ కుర్రాడు ఆడే మారా 2025లో మిచిగన్‌కి వెళ్ళాడు. రెండేళ్ళు అతనికి పాఠం చెప్పింది ఒకరు, వాడుకునేది ఇంకొకరు.

కొందరు దీన్ని చూసి పాత పద్ధతే నయం, కుర్రాళ్ళు ఓపిగ్గా ఉండేవాళ్ళు అని నిట్టూరుస్తున్నారు. ఆ ఓపిక వాళ్ళ సుగుణం అనుకుంటే పొరపాటు. వెళ్ళే దారి లేక కూర్చున్నారు. కాలేజీ మారితే ఏడాది పాటు ఆట మానెయ్యాలన్న రూలు పెట్టి కట్టేసి ఉంచి, దాన్ని విధేయత అన్నారు. నిజంగా మూడో పొడుగువాడు కావాలనుకునే కోచ్‌కి ఇప్పుడు ఒకటే దారి, అతనికి స్టార్టర్‌లో సగమైనా ఇవ్వడం, ఇచ్చిన డబ్బుకి అతని పాయింట్ల సగటు చూసి ఏడవకుండా ఉండడం. చాలామంది ఇవ్వరు, ఉన్న డబ్బంతా ఇద్దరు గార్డులకీ ఒక స్టార్‌కీ పోసేసి, పొడుగువాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "ఎవరో ఒకరు దొరక్కపోరులే" అంటారు.

అంచేత ఎవరి టీము ఎంత దూరం వెళ్తుందో పందెం కాసేటప్పుడు నేను స్టార్ పేరు చూడను. ముందు రోస్టర్ తెరిచి ఆరడుగుల తొమ్మిదంగుళాలు దాటినవాళ్ళు ఎంతమందో లెక్కపెడతాను. తర్వాత వాళ్ళలో కిందటేడు అదే కాలేజీలో కనీసం పది నిమిషాలు ఆడినవాళ్ళు ఎంతమందో చూస్తాను. రెండో లెక్క ఒకటి దగ్గర ఆగిపోయిందా, ఆ టీము మీద రూపాయి కూడా పెట్టను.